పుర్రచేతి గాడి

మా పెదనాన్నని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. అందరికీ ఆయన వెంట్రుకవాసి మేస్త్రి. తలుపులు బిగించడం ఆయన పని. నలభై ఏళ్ళుగా అదొక్కటే. ఆయన బిగించిన తలుపుని చిటికెన వేలితో తోస్తే చాలు, చప్పుడు లేకుండా వెళ్ళి మూసుకుంటుంది. మూసుకున్నాక రెక్కకీ ద్వారబంధానికీ మధ్య సందులో ఒక అట్టముక్క దూరుతుంది, రెండోది దూరదు. "వెంట్రుకవాసి తేడా ఉన్నా నాకు నిద్ర పట్టదు" అంటాడు.

"ఆయనకేం, శుభ్రంగా గుర్రు పెడతారు. నిద్ర పట్టనిది నాకు" అంటుంది పెద్దమ్మ.

ఆయన పనిలో నాకు మహా ఇష్టమైనది రౌటర్. ఇంట్లో నెట్ కోసం పెట్టుకునే డబ్బా కాదు. రెండు చేతులతో రెండు పిడులు పట్టుకుని నడిపే మెషిన్. మధ్యలో బిట్టు గిర్రున తిరుగుతూ చెక్కని తోడేస్తుంది. తలుపుకి మడతబందు బిగించాలంటే ఊరికే పైన పెట్టి మేకులు కొడితే సరిపోదు కదా, బందు మందం ఎంతో అంత లోతు గాడి తీసి, అందులో కూర్చోబెట్టాలి. పాతకాలంలో ఉలితో తీసేవాళ్ళు. ఒక్కో గాడికి పావుగంట. రౌటర్‌తో అయితే మూడు నిమిషాలు. కానీ చేత్తో వదిలేస్తే ఆ మెషిన్ అచ్చోసిన ఆంబోతులా ఎటుపడితే అటు పోతుంది. అందుకే ఫర్మా.

ఫర్మా అంటే మధ్యలో కిటికీలా కోసిన ప్లైవుడ్ పలక. దాన్ని తలుపు అంచుకి బిగిస్తారు. బిట్టు చుట్టూ ఒక ఇత్తడి కాలరు ఉంటుంది. ఆ కాలరు ఫర్మా కిటికీ అంచుని రాసుకుంటూ, తల్లి కొంగు పట్టుకున్న పిల్లాడిలా, చుట్టూ తిరిగి వస్తుంది. అది ఎక్కడ తిరిగితే లోపల గాడి అక్కడ పడుతుంది. ఒక్క ఫర్మా సరిగ్గా చేసుకుంటే వంద తలుపులకైనా ఒకే కొలత. చూస్తుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది. కాలేజీలో ఏ పాఠం విన్నప్పుడూ అలా అనిపించలేదు.

ఇదంతా ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, మా ఇంట్లో ఒక మనిషి పదకొండేళ్ళు మాకు దూరమైంది ఈ కాలరు వల్లే.

ఆ మనిషి పెద్దమ్మ తమ్ముడు. నాకు చినమావయ్య. పెదనాన్న దగ్గరే పని నేర్చుకున్నాడు, పన్నెండేళ్ళు ఆయన పక్కనే చేశాడు. ఎడమచేతి వాటం. తోటి వడ్రంగులు ముద్దుగా "పుర్రచెయ్యి" అనేవాళ్ళు. ఆయనా పలికేవాడు. పనిలో ఈల వేసేవాడు, పెదనాన్న "నోరు మూసుకుని కొయ్యరా" అంటే, "బావా, నోరు మూసుకునే వేస్తారు ఈల. తెరిస్తే రాదు" అనేవాడు.

అప్పట్లో ఒక పెద్ద హాస్టల్ భవనం తలుపులన్నీ వీళ్ళ చేతికి వచ్చాయి. దానికి సరిగ్గా నెల ముందు రౌటర్ మెట్ల మీంచి కిందపడి అడుగు పలక పగిలింది. కొత్త పలక తెప్పించుకోవాలంటే వారాలు పడుతుందన్నారు. పెదనాన్న ఆగుతాడా? మందపాటి అక్రిలిక్ ముక్క తెచ్చి, తనే గుండ్రంగా కోసి, కాలరు కూర్చునే రంధ్రం తీసి, బిగించేశాడు. పారేసే చెక్క మీద కోసి చూసుకున్నాడు. బందు కొంచెం పక్కకి కూర్చుంటే ఫర్మా తలుపు మీద ఎక్కడ ఆగాలో చూపే ఆపుచెక్కని కొంచెం జరిపాడు. మళ్ళీ కోశాడు. ఈసారి అచ్చుగుద్దినట్టు వచ్చింది.

ఆ జరపడంలోనే ఉంది తిరకాసంతా. అప్పుడు ఎవరికీ తెలీదు.

కింది అంతస్తు తలుపులన్నీ పెదనాన్న ఒక్కడే చేశాడు. ఒక్కదానికీ వంక లేదు. పైఅంతస్తులకి వచ్చేసరికి తొందర పెరిగి పని పంచుకున్నారు. ద్వారబంధాలకి గాళ్ళు తీయడం, తాళాలు బిగించడం పెదనాన్నవి. రెక్కలకి బందుల గాళ్ళు చినమావయ్యవి. అరవై నాలుగు రెక్కలు. మూడేసి బందులు. చినమావయ్య నాలుగు రోజుల్లో ముగించేశాడు.

తలుపులు ఎక్కించాక సైట్ ఇంజనీరు వచ్చి ఒకటి మూశాడు. తాళం నాలుక ద్వారబంధంలో రంధ్రానికి వెళ్ళలేదు. కింది అంచుకి టక్కున కొట్టుకుంది. ఇంకోటి మూశాడు. అదే టక్కు.

"ఏం మేస్త్రీ, మీ తలుపులకి నోరు పెట్టి చెప్పాలా, మూసుకోమని?" అన్నాడు.

చుట్టూ రంగులవాళ్ళు, కరెంటువాళ్ళు, ఇరవైమందికి పైనే ఉన్నారు. నవ్వారు. పెదనాన్న స్కేలు తీసి కొలిచాడు. రెక్క మీద ప్రతి గాడీ తను అనుకున్నచోటు నుంచి ఒకటిన్నర మిల్లీమీటరు పైకి పడింది. అందుకని రెక్క అంత కిందికి దిగింది.

"ఎవడు కోశాడ్రా ఇవి?" అన్నాడు, తెలిసే.

"నేనే బావా. కానీ ఫర్మాలోనే తిప్పాను. ఒక్కసారి కూడా కాలరు అంచు వదల్లేదు."

"ఫర్మా అబద్ధమాడుతుందా?"

పెదనాన్న ఒక చెక్కముక్క తీసుకుని, అదే ఫర్మా బిగించి, అదే మెషిన్‌తో అందరి ముందూ గాడి తీశాడు. కొలిచాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

"చూశావా? అదే ఫర్మా, అదే మెషిను. మారింది చెయ్యి ఒక్కటే."

"మెషిన్‌లో ఏదన్నా..."

"ఆడలేక మద్దెల ఓడన్నాడట నీలాంటివాడే."

మళ్ళీ నవ్వులు. చినమావయ్య ముఖం ఎర్రబడింది. అయినా గొంతు పెంచలేదట.

"బావా, నీ కళ్ళముందు నేనూ ఒకటి కోస్తాను. ఒక్కటంటే ఒక్కటి. చూసి అప్పుడు తిట్టు."

"అరవై నాలుగు తలుపులు తగలేసింది చాలకా? పుర్రచేతి పని పుర్రచేతి పనే. కట్టిపెట్టు ఇక."

చినమావయ్య మెషిన్ ప్లగ్ తీశాడు. తీగని నీట్‌గా చుట్టాడు. పానాని పెట్టెలో దాని చోట పెట్టాడు. "బిట్టు మొద్దుబారింది, మార్చుకో" అని చెప్పి మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

సాయంత్రం అక్క దగ్గరకి వచ్చాడు. అక్కయినా తన వైపు మాట్లాడుతుందని కాబోలు. పెద్దమ్మ మంచినీళ్ళిచ్చి, "ఆయన ఊరికే అనరు కదరా. కాస్త కుడిచేత్తో అలవాటు చేసుకోకూడదూ?" అంది. గ్లాసు సగంలోనే కిందపెట్టి లేచిపోయాడు. ఆ మాట అన్నందుకు పెద్దమ్మ అప్పుడు బాధపడలేదు. తమ్ముడి మంచికే కదా అనుకుంది.

ఆ అరవై నాలుగు తలుపుల గాళ్ళూ పెదనాన్న మూడు వారాలు కూర్చుని చెక్కముక్కలతో పూడ్చి, మళ్ళీ తన చేత్తోనే కోశాడు. అన్నీ సరిగ్గా వచ్చాయి. రాకేం చేస్తాయి? దాంతో ఆయనకి అనుమానం అన్నమాటే లేకుండా పోయింది. "వెంట్రుకవాసి మేస్త్రి సొంత బామ్మర్దినే పంపేశాడట" అన్న కబురు మాత్రం చినమావయ్య కంటే ముందు ప్రతి పనిచోటికీ చేరింది. ఎవరూ పిలవలేదు. చివరికి కుర్చీలు అద్దెకిచ్చే గోడౌన్‌లో చేరాడు. అన్నీ ప్లాస్టిక్ కుర్చీలు. దుమ్ము కూడా చెక్కది కాదు.

ఆ తర్వాత పెళ్ళిళ్ళలో కనిపిస్తే ఇద్దరూ చెరో మూల కూర్చునేవాళ్ళు. మధ్యలో పెద్దమ్మ, ఏ మూలకి వెళ్ళాలో తెలీక, వంటవాళ్ళతో కబుర్లు చెబుతూ ఉండేది.

పోయిన నెల పెదనాన్న స్టూలు మీంచి జారాడు. కుడి మణికట్టు బెణికింది, కట్టు కట్టారు. డాక్టరు పదిహేను రోజులు చెయ్యి కదపొద్దన్నాడు. ఎదురింటి టీచరమ్మ గది తలుపు సగంలో ఉంది. పదిహేను రోజులు ఎవరాగుతారు? నాలుగో రోజే షెడ్డుకి వెళ్ళిపోయాడు.

రౌటర్ స్విచ్ కుడి పిడి దగ్గర ఉంటుంది. కుడి బొటనవేలు పనిచెయ్యట్లేదు. మెషిన్‌ని సగం చుట్టు తిప్పి పట్టుకున్నాడు, స్విచ్ ఎడమ బొటనవేలికి అందేలా. ఫర్మాలో నడిపాడు. బందు పెట్టి చూస్తే పక్కకి జరిగి ఉంది.

"ఎంతైనా పుర్రచెయ్యి కదా" అని తనలో తనే నవ్వుకున్నాడట.

పారేసే చెక్క మీద మళ్ళీ కోశాడు, మెల్లగా, ఊపిరి బిగబట్టి. మళ్ళీ జరిగింది. స్కేలు పెట్టాడు. ఒకటిన్నర.

ఆ అంకె చూశాక ఆయన నవ్వలేదు. కట్టు ఉన్న చేత్తోనే, నొప్పి ఓర్చుకుని, పాత పద్ధతిలో మెషిన్ పట్టుకుని కోశాడు. సరిగ్గా వచ్చింది. ఈసారి మెషిన్ పాత వైపే ఉంచి, బరువంతా ఎడమచేతి మీద వేసి నడిపాడు. అదీ సరిగ్గానే వచ్చింది! మళ్ళీ తిప్పి పట్టుకుంటే ఒకటిన్నర. అంటే తేడా చేతిలో లేదు, మెషిన్ ఎటు తిరిగి ఉందన్న దాన్లో ఉంది.

మెషిన్ తిరగేసి బిట్టుకీ కాలరుకీ మధ్య దూరం వెర్నియర్‌తో కొలిచాడు. ఒక పిడి వైపు ఎక్కువ, రెండో పిడి వైపు తక్కువ. పదకొండేళ్ళ కిందట తను చేసిన ఆ అక్రిలిక్ పలకలో కాలరు రంధ్రం నడిమధ్యన లేదు. ముప్పావు మిల్లీమీటరు పక్కకి ఉంది. తను ఎప్పుడూ ఒకే వైపు పట్టుకుంటాడు కాబట్టి, ఆ ముప్పావుని ఆపుచెక్క జరిపి సరిచేసుకున్నాడు. అదే మెషిన్‌ని సగం చుట్టు తిప్పి పట్టుకుంటే ముప్పావు రెండో వైపుకి పోతుంది. మొత్తం ఒకటిన్నర.

చినమావయ్య పుర్రచెయ్యి. స్విచ్ ఎడమచేతికి అందాలి కదా. ఎప్పుడూ తిప్పే పట్టుకునేవాడు. ఆ రోజు మద్దెల నిజంగానే ఓడు.

మిట్టమధ్యాహ్నం పెదనాన్న ఇంటికొచ్చి గుమ్మంలో చెప్పులతోనే కూర్చున్నాడు. అప్పుడు నేనక్కడే ఉన్నాను.

"ఏమండీ, చెయ్యి నొప్పా? చెప్తే వినరు కదా" అంటూ వచ్చింది పెద్దమ్మ.

"చెయ్యి కాదే. నీ తమ్ముడు తప్పు కొయ్యలేదు."

పెద్దమ్మకి ఒక్క ముక్క అర్థం కాలేదు. పెదనాన్న వంటింట్లోంచి డబ్బా మూత ఒకటి తెప్పించాడు. "దీని పిడి మధ్యలో కాకుండా కాస్త పక్కకి ఉందనుకో. మూత ఇటు పెడితే పిడి ఇటుంటుంది. తిప్పి పెడితే?"

"అటుంటుంది."

"వాడు తిప్పి పెట్టాడు. పిడి పక్కకి పెట్టింది నేను."

పెద్దమ్మ మూత చేతిలోకి తీసుకుని ఇటోసారి అటోసారి తిప్పింది. "అంతేనా? పదకొండేళ్ళు ఇందుకా?" అంది.

ఆయన అప్పుడు చెప్పులు విప్పాడు.

"ఒక్కటి కోసి చూపిస్తానన్నాడుగా వాడు. కోయనిస్తే ఏం పోయిందండీ మీకు?"

"మూడు నిమిషాలు" అన్నాడు పెదనాన్న. "వాడు మెషిన్ పట్టుకున్న తీరు చూస్తే అక్కడే తెలిసిపోయేది. మూడు నిమిషాలు."

పెద్దమ్మ మూత పక్కనపెట్టి కొంగుతో ముఖం తుడుచుకుంది. "మిమ్మల్ని అనడానికి నాకు మాత్రం నోరెక్కడిది? చెయ్యి మార్చుకోమన్నాను వాణ్ణి, సొంత అక్కని."

"వెళ్దాం పద."

"ముందు మీరు వెళ్ళండి. మీ వెనకాల నక్కి చెప్పే మాట కాదు నాది. నేను తర్వాత నా అంతట వెళ్తాను."

కట్టు చేత్తో ఆయన బండి నడపలేడు కాబట్టి నేను తీసుకెళ్ళాను. గోడౌన్ గుమ్మంలో దిగాక, "నలుగురిలో అన్నాను. నలుగురిలోనే చెప్పాలి" అన్నాడు, నాతో కాదు.

లోపల కుర్చీలు కప్పుదాకా దొంతరలు. ఏడెనిమిదిమంది పని చేస్తున్నారు. యజమాని లెడ్జరు తెరిచి, "ఎన్ని కుర్చీలు కావాలి? ఎప్పటికి?" అన్నాడు.

"కుర్చీలు వద్దండి. ఒక మాట చెప్పాలి. అందరూ ఒక్కసారి వినాలి."

పనివాళ్ళు ఆగిపోయారు. "మన కుర్చీ విరిగి పడ్డట్టున్నాడు, చెయ్యి చూడు" అన్నాడొకడు పక్కవాడితో. "నువ్వు తుడిచిన కుర్చీయే అయుంటుంది" అన్నాడు రెండోవాడు.

దొంతర వెనక నుంచి చినమావయ్య వచ్చాడు. చేతుల్లో ఆరు కుర్చీలు. జుట్టు నెరిసింది. పెదనాన్నని చూసి ఆగిపోయాడు, కుర్చీలు మాత్రం దించలేదు.

పెదనాన్న గట్టిగానే చెప్పాడు. "వీడు నా బామ్మర్ది. పదకొండేళ్ళ కిందట వీడు పని చెడగొట్టాడని ఇరవైమంది ముందు అన్నాను. వీడు చెడగొట్టలేదు. నేను చేసిన పలక వంకర. తప్పు నాది. వీడి చేతిలో ఏ లోపమూ లేదు."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. పలకేంటో, వంకరేంటో. యజమాని మాత్రం మర్యాదగా లెడ్జరు మూశాడు.

చినమావయ్య కుర్చీలు మెల్లగా దించాడు. "ఎటు వంకర?" అన్నాడు.

"పిడుల వరుసలో."

"ఎంత?"

"ముప్పావు."

"తిప్పితే ఒకటిన్నర." వెంటనే లెక్క కట్టేశాడు. పదకొండేళ్ళయినా ఆయన బుర్రలో ఆ మెషిన్ ఉంది. "నేను తిప్పి పట్టుకునేవాణ్ణి. స్విచ్ అటుండేది మరి." కాసేపు తన రెండు చేతులూ ఆ పిడుల మీద ఉన్నట్టే గాలిలో పట్టి చూసుకున్నాడు. తర్వాత దించేశాడు.

"తిట్టరా" అన్నాడు పెదనాన్న.

"తిట్టేవాణ్ణే బావా, మొదటి రెండేళ్ళలో వచ్చుంటే. రోజూ తిట్టుకునేవాణ్ణి నిన్ను. తర్వాత అదీ పోయింది. నువ్వన్నదే నిజమనిపించింది. నా చెయ్యే వంకరేమో అని నమ్మేశాను."

"మళ్ళీ రా. షెడ్డు మనిద్దరిదీ. ఈసారి నువ్వే మేస్త్రివి."

"ఎక్కడికి రాను? ఇప్పుడు నీ పక్కన నించుంటే ప్రతి గాడికీ నీ ముఖం చూస్తాను, సరిగ్గా వచ్చిందా లేదా అని. అలాంటివాడు నీకూ వద్దు, నాకూ వద్దు."

పెదనాన్న వెళ్ళడానికి తిరుగుతుంటే చినమావయ్యే పిలిచాడు.

"బావా, నీ మీద నాకేం లేదు, నిజంగా. కానీ ఒకసారి ఇంటికి రా. నాకు చెప్పిన మాటే అక్కడ ఇంకొకరికి చెప్పాలి."

ఇల్లు రెండు వీధుల అవతలే. నడుస్తూ చెప్పాడు. వాళ్ళమ్మాయిదీ ఎడమచేతి వాటమే. గొడవయ్యేనాటికి దానికి రెండున్నరేళ్ళు. చెంచా ఎడమచేత్తో తీసుకుంటే చేతి మీద కొట్టేవాడట. పలక పట్టే వయసొచ్చాక ఎడమచేతికి మేజోడు తొడిగి దారంతో కట్టి కూర్చోబెట్టేవాడట. "నాలా అవకూడదని" అన్నాడు. "నలుగురిలో ఎవడూ దాన్ని అనకూడదని. ఏడ్చేది. కట్టేవాణ్ణి."

పెదనాన్న నడక ఆగింది. నేను ఆయన మోచెయ్యి పట్టుకున్నాను.

ఆ పిల్లకి ఇప్పుడు పద్నాలుగో ఏడు నడుస్తోంది. కిటికీ పక్కన బల్ల మీద నోట్సు రాసుకుంటోంది. కుడిచేత్తో. ఒక్కో అక్షరం బరువు మోస్తున్నట్టు. పరీక్షల్లో ఎప్పుడూ టైము చాలదని, చివరి ప్రశ్న రాయకుండానే పేపరు ఇచ్చేస్తుందని వాళ్ళ నాన్న దారిలోనే చెప్పాడు.

పెదనాన్న ఎదుటి కుర్చీలో కూర్చుని అంతా చెప్పాడు. పలక, కాలరు, తిప్పి పట్టుకోవడం. ఆ పిల్ల పెన్ను దించకుండా విన్నది.

"అయితే నాన్న తప్పు కోయలేదా?"

"లేదమ్మా."

"మరి నా చెయ్యి?"

"నీ చేతికేం లేదు తల్లీ. ఎప్పుడూ లేదు. నా నోరు చేసింది అదంతా."

వాళ్ళ నాన్న గోడకి ఆనుకుని, "ఇక నీ ఇష్టమొచ్చిన చేత్తో రాసుకో అమ్మా" అన్నాడు.

పిల్ల పెన్ను ఎడమచేతిలోకి మార్చింది. నోట్సు చివరి పేజీలో తన పేరు రాయబోయింది. మొదటి అక్షరం వంకరపోయింది, రెండోది గీత దాటి కిందికి జారింది. అచ్చం ఒకటో తరగతి రాత. తనే చూసుకుని సిగ్గుగా నవ్వి, పెన్ను కుడిచేతిలోకి మార్చేసుకుంది.

"రేపు పరీక్ష ఉంది మావయ్యా. ఇప్పుడు దీంతోనే అలవాటైపోయింది" అంది, ఆయన్నే ఓదారుస్తున్నట్టు.

మళ్ళీ రాసుకోవడం మొదలుపెట్టింది. చినమావయ్య మంచినీళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టాడు. పెదనాన్న తాగలేదు, లేవలేదు. ఆ కుడిచెయ్యి ఒక్కో అక్షరం దగ్గర ఆగి ఆగి పేజీ కిందికి వచ్చేదాకా అలాగే చూస్తూ కూర్చున్నాడు. పేజీ పూర్తయ్యేసరికి చాలాసేపు పట్టింది.